జపాన్ రేవుల్లో దిగిన విదేశీ వ్యాపారులు కంపెనీ దొరల్లా ఎందుకు పాతుకుపోలేదు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 1859లో జపాన్ రేవులు తెరిచాక యోకోహామా, నాగసాకి, ఆ తర్వాత కోబెల్లో దిగిన బ్రిటిష్, అమెరికన్ వ్యాపారులు మన దగ్గర ఈస్టిండియా కంపెనీ చేసినట్టు దేశాన్ని ఎందుకు మింగలేకపోయారు? వాళ్ళంతా కోట్లు గడించారా? చివరికి వాళ్ళ ఇళ్ళూ స్థలాలూ ఏమయ్యాయి?

సూటిగా చెప్తాను. వాళ్ళని రేవు దాటి లోపలికి వెళ్ళి సరుకు కొననివ్వలేదు. కోర్టు వాళ్ళది, సుంకం రేటు వాళ్ళకి అనుకూలం, కళ్ళెదురుగా వాళ్ళ యుద్ధనౌకలు. ఇన్ని ఉన్నా పట్టు తీసే పల్లెకీ వాళ్ళకీ మధ్య జపాన్ దళారి కూర్చున్నాడు, ఆ దళారిని వాళ్ళు చివరిదాకా తప్పించలేకపోయారు. ఇక డబ్బు సంగతంటారా, మొదటి ఏడాది కొందరు బాగా వెనకేసుకున్నారు, పెద్ద కంపెనీలు నాలుగైదు నిలబడ్డాయి, మిగతావాళ్ళలో దివాలా తీసినవాళ్ళకి లెక్కే లేదు. స్థలాల కథ కొంచెం పొడుగు, ఆఖర్న చెప్తాను.

నేను చరిత్ర ప్రొఫెసర్ని కాదు. బట్టల ఎగుమతి దిగుమతి కాగితాలు చూసే ఉద్యోగంలో చాలా ఏళ్ళు యోకోహామాలో ఉన్నాను. మా ఆఫీసు పాత విదేశీ వాడలోనే ఉండేది, మధ్యాహ్నం భోజనానికి బయటికొస్తే నడిచేవి ఆ వీధులే, అలా పట్టుకుంది ఈ పిచ్చి. ఇప్పుడు ఇటు వచ్చే తెలుగువాళ్ళకి ఆ పేట తిప్పి చూపిస్తుంటాను, మీరడిగిందే దాదాపు ప్రతి గుంపులో ఎవరో ఒకరు అడుగుతారు.

ముందు ఒప్పందం సంగతి. 1858 జులైలో అమెరికా తరఫున టౌన్‌సెండ్ హారిస్ షోగున్ (అప్పట్లో జపాన్‌ని ఏలిన సైనికాధిపతి) ప్రభుత్వంతో సంతకం పెట్టించాడు, అదే ఏడాది నెదర్లాండ్స్, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ అదే బాటలో వచ్చాయి. విదేశీయుడు నేరం చేస్తే అతని దేశపు కాన్సులే విచారిస్తాడు, జపాన్ న్యాయమూర్తికి సంబంధం లేదు. దిగుమతి సుంకం జపాన్ తన ఇష్టానికి పెంచుకోకూడదు, 1866లో దాన్ని ఇంకా నొక్కి దాదాపు అన్నిటి మీదా 5 శాతానికి తెచ్చారు. ఇంతవరకు చదివితే ఇది ఏకపక్షపు ఒప్పందమే, కాదని ఎవరూ అనరు. కానీ అదే ఒప్పందంలో ఇంకో షరతు ఉంది, మనవాళ్ళు దాన్ని గబగబా దాటేస్తారు. విదేశీయుడు రేవు నుంచి పది రి, అంటే సుమారు 40 కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదు, భూమి కొనకూడదు, కౌలుకి మాత్రమే తీసుకోవాలి.

యోకోహామా పుట్టుకే ఈ కట్టడి కోసం అన్నట్టుంటుంది. ఒప్పందంలో రాసింది కనగావా. అది ఎదో నగరం (ఇప్పటి తోక్యో) నుంచి క్యోటో వెళ్ళే తొకైదో రహదారి మీద ఊరు, రోజూ సమురాయ్‌ల ఊరేగింపులు పోయే దారి. అక్కడ తెల్లవాళ్ళని పెడితే కత్తులు దూస్తారని షోగున్ అధికారులు అఖాతానికి అవతలి ఒడ్డున బురదలో ఉన్న చిన్న పల్లెని ఎంచుకుని, జెట్టీలు, కస్టమ్స్ ఇల్లు, దుకాణాలు ఆదరాబాదరాగా కట్టేశారు. చుట్టూ కాలవ, వంతెనల దగ్గర కాపలా. ఇది మమ్మల్ని బందీలు చేయడమేనని కాన్సుళ్ళు మండిపడ్డారు, కనగావాలోనే ఉంటామని భీష్మించుకున్నారు. వ్యాపారులు మాత్రం ఇక్కడ నీళ్ళు లోతు, ఓడ దగ్గరికొస్తుంది, గోడౌనుకి స్థలం ఉంది అని చూసుకుని, కాన్సుళ్ళ మాట వినకుండా యోకోహామాలో సామాన్లు దించేసుకున్నారు. అధికారుల భయం ఉత్తిదేం కాదు. 1862 సెప్టెంబరులో అదే రహదారి మీద నమముగి దగ్గర సత్సుమా సంస్థాన ప్రభువు తండ్రి పరివారానికి గుర్రం మీద అడ్డొచ్చిన చార్లెస్ రిచర్డ్‌సన్ అనే షాంఘై వ్యాపారిని నరికేశారు, దాని ఫలితంగా మరుసటి ఏడాది బ్రిటిష్ నౌకలు కగోషిమా మీద ఫిరంగులు పేల్చాయి.

ఇప్పుడు మన వైపు చూడండి. కంపెనీ బందరులో దిగి అక్కడే ఆగిపోలేదు. గోదావరి వైపు ఇంజరం, మాధవాయపాలెం దాకా ఫ్యాక్టరీలు పెట్టింది, గుమాస్తాల్ని నేతపల్లెలకి తోలింది, బయానా చేతిలో పెట్టి ఆ బాకీతోనే నేతగాణ్ణి ఇంకొకరికి నెయ్యకుండా కట్టేసింది. పల్లెలో అప్పు ఇచ్చేవాడి చేతిలోకే ధర వస్తుంది. జపాన్‌లో ఆ అప్పు ఇచ్చింది యోకోహామా అమ్మకపు దళారులు, హారా జెంజబురో, మొగి సోబె లాంటివాళ్ళు. గున్మా, నగానో కొండల్లో పట్టు తీసే ఇళ్ళకి, చిన్న మిల్లులకి డబ్బు వాళ్ళ దగ్గర్నుంచి వెళ్ళేది, సరుకు వాళ్ళ కొట్టుకే వచ్చేది. విదేశీ వ్యాపారి తన గోడౌను గుమ్మంలో నిలబడి, తెచ్చింది చూసుకోవడమే.

అలాగని గుమ్మంలో నిలబడ్డవాడు అమాయకుడనుకోకండి. పట్టు అమ్మకం ఎలా జరిగేదో చూడండి. ముందు నమూనా చూసి ధర మాట్లాడుకుంటారు. తర్వాత బేళ్ళు విదేశీ కంపెనీ గోడౌనులోకి వెళ్తాయి, అక్కడ విప్పి, దారం మందం చూసి, తడి చూసి, తూకం వేస్తారు. ఈ పరీక్ష పూర్తయ్యేదాకా బేరం ఖాయం కాదు, రసీదు ఇవ్వరు, సరుకు మాత్రం అవతలివాడి తాళం కింద ఉంటుంది. ఈలోగా లియోన్‌లోనో న్యూయార్క్‌లోనో ధర పడిందని కబురొస్తే, నిన్న బాగున్న పట్టులో ఇవాళ లోపాలు కనిపిస్తాయి. ధర పెరిగిందా, వంక పెట్టకుండా తూకం వేసేస్తారు. ఇవతలివాళ్ళూ తక్కువ తినలేదు లెండి, తూకం కోసం దారం తడపడం, కట్టే కాగితం మందంగా వాడడం, బయానా పుచ్చుకుని మాయమైపోవడం, అన్నీ ఉన్నాయి. ఎల్.సి. (బ్యాంకు చెల్లింపు హామీ) కాగితాల్లో చిన్న తప్పు పట్టుకుని సరుకు వెనక్కి పంపాలని చూసే కొనుగోలుదార్లతో వేగినవాణ్ణి కాబట్టి ఇది చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, 150 ఏళ్ళలో ఏం మారింది అనిపించింది.

1881లో ఈ గొడవ బద్దలైంది. యోకోహామా పట్టు దళారులంతా ఒక్కటై ఉమ్మడి గిడ్డంగి పెట్టి, ఇకనుంచి పరీక్ష, తూకం మా దగ్గరే, ఇష్టమైతే ఇక్కడికొచ్చి కొనుక్కోండి అన్నారు. విదేశీ కంపెనీలు కొనం పొమ్మన్నాయి. ఆ శరదృతువంతా పట్టు ఎగుమతి స్తంభించింది. చివరికి మధ్యవర్తులు కూర్చుని రాజీ కుదిర్చారు, దళారులు అడిగిందంతా రాలేదు. కానీ నన్నడిగితే అసలు విశేషం రాజీలో లేదు, అమ్మేవాళ్ళందరూ కట్టుగా నిలబడి ఒక సీజన్ వ్యాపారాన్ని ఆపగలిగారు. మధ్య దారి పూర్తిగా వాళ్ళ చేతిలో ఉంటేనే అది కుదురుతుంది. అంతకు ముందు ఏడాదే, 1880లో, విదేశీ బ్యాంకుల మీద ఆధారపడకుండా ఎగుమతులకి డబ్బు అందించడానికి యోకోహామా స్పెసీ బ్యాంక్ కూడా పెట్టుకున్నారు.

పట్టుకి అంత గిరాకీ ఎందుకంటే, ఆ రోజుల్లో ఫ్రాన్స్, ఇటలీల్లో పట్టుపురుగులకి తెగులు తగిలి పంట నాశనమైంది. జపాన్ దారమే కాదు, అట్టల మీద అంటించిన పట్టుపురుగు గుడ్లు కూడా ఓడలెక్కాయి, ఇటలీ వ్యాపారులు వాటి కోసమే పనిగట్టుకుని యోకోహామా వచ్చేవాళ్ళు.

టీ సంగతి వేరే రకం. జపాన్ ఆకులో తడి ఎక్కువ, అమెరికా చేరేలోపు బూజు పడుతుంది. అందుకని రేవులోనే విదేశీ కంపెనీల గోడౌన్లలో మళ్ళీ వేయించేవాళ్ళు. వరసగా బొగ్గు పొయ్యిలు, వాటి మీద పెద్ద బాణళ్ళు, ఎండాకాలం ఉక్కలో వందల మంది ఆడవాళ్ళు ఒంగి చేత్తో కలుపుతూ, పైన అజమాయిషీకి చైనా మేస్త్రీలు. అమెరికా వాళ్ళకి ఆకు పచ్చగా నిగనిగలాడాలి కాబట్టి నీలి రంగు, జిప్సం పొడి కొద్దిగా కలిపేవాళ్ళు. జపాన్ వ్యాపారులు రంగు కలిపారని ఇప్పటికీ కొందరు రాస్తారు, ఆ వేయింపు గోడౌన్లు ఎవరివో చూసి రాస్తే బాగుండేది.

ఇక డబ్బు ఎలా చేశారు అన్నదానికి మొదటి జవాబు: సరుకుతో కాదు, నాణేలతో. 1859 రెండో సగంలో జరిగిన ఈ తమాషా తప్పకుండా తెలుసుకోవాలి. ప్రపంచంలో అప్పుడు ఒక పాలు బంగారానికి సుమారు 15 పాళ్ళ వెండి. జపాన్ లోపల మాత్రం సుమారు 5 పాళ్ళే. ఎందుకంటే వాళ్ళ ఇచిబు అనే వెండి నాణెం విలువ అందులోని వెండిని బట్టి కాదు, ప్రభుత్వ ముద్రని బట్టి నడిచేది. ఒప్పందంలో హారిస్ పట్టుబట్టి, విదేశీ నాణేన్ని జపాన్ నాణెంతో బరువుకి బరువు మార్చాలని రాయించాడు. లెక్క వేయండి: 4 మెక్సికన్ వెండి డాలర్లు ఇస్తే దాదాపు 12 ఇచిబులు వస్తాయి. 4 ఇచిబులకి ఒక బంగారు కొబాన్ చొప్పున 3 కొబాన్లు. వాటిని షాంఘై తీసుకెళ్ళి అమ్మితే ఇంచుమించు 12 డాలర్లు. పోయి రావడానికి పట్టేది కొద్ది వారాలు. దీనికి వ్యాపారం తెలియనక్కర్లేదు, ఓడ టికెట్టు ఉంటే చాలు. నావికాధికారులు చేశారు, దౌత్య ఉద్యోగులు కూడా చేశారు. కస్టమ్స్ వాళ్ళు రోజుకి ఇంతే మారుస్తామని పరిమితి పెడితే, నోటికొచ్చిన ఉత్తుత్తి పేర్లతో, లేని మనుషులతో దరఖాస్తులు గుప్పించారు, ఆ అల్లరికి బ్రిటిష్ ప్రతినిధి రూథర్‌ఫర్డ్ ఆల్కాకే తలపట్టుకున్నాడు.

1860లో షోగున్ ప్రభుత్వం కొబాన్‌లో బంగారాన్ని మూడో వంతుకి తగ్గించి కొత్త నాణెం వేసింది. దారి మూసుకుపోయింది. కానీ ఆ దెబ్బకి దేశం లోపల ధరలు భగ్గుమన్నాయి, పెరగని స్థిర జీతం మీద బతికే సమురాయ్‌లకి ఇల్లు గడవడం కష్టమైంది, విదేశీయుల మీద కోపం అక్కడ రాజుకుంది. రిచర్డ్‌సన్ మీద పడ్డ కత్తికి కారణం ఇదొక్కటే అనను. ఆ రోజుల గాలి ఎలా ఉందో మాత్రం అర్థమవుతుంది.

రెండో రకం సంపాదన ఆయుధాలు. దీనికి నాగసాకిలో థామస్ గ్లోవర్‌ని మించిన ఉదాహరణ లేదు. 1838లో స్కాట్లండ్‌లో పుట్టాడు, 1859లో 21 ఏళ్ళ కుర్రాడిగా నాగసాకి వచ్చాడు, రెండేళ్ళలో సొంత కంపెనీ. మొదట టీ, తర్వాత ఓడలు, తుపాకులు. 1865లో షోగున్ వ్యతిరేక సమురాయ్ సకమోతో ర్యోమా మనుషులు మధ్యలో ఉండి, చోషు వాళ్ళ కోసం సత్సుమా పేరు మీద ఏడు వేలకు పైగా తుపాకులు కొన్నది ఇతని దగ్గరే. షోగున్ ప్రభుత్వాన్ని కూలదోసింది ఆ రెండు సంస్థానాలే. చోషు, సత్సుమా కుర్రాళ్ళని దొంగచాటుగా ఇంగ్లండ్ పంపడంలోనూ ఇతని చెయ్యి ఉంది, ఆ కుర్రాళ్ళలో ఒకడైన ఇతో హిరోబుమి తర్వాత జపాన్ మొదటి ప్రధాని అయ్యాడు.

ఇంతటి మనిషి కూడా 1870లో దివాలా తీశాడు. కారణం చాలా మామూలుది: అప్పు మీద అమ్మాడు. సంస్థానాలు ఓడ తీసుకుని డబ్బు తర్వాత ఇస్తామనేవి. 1868లో షోగున్ పక్షంతో జరిగిన యుద్ధం అతను అనుకున్నదానికన్నా తొందరగా ముగిసింది, తుపాకులకి గిరాకీ పడిపోయింది, బాకీలు వసూలు కాలేదు, ఉన్న డబ్బంతా తకషిమా బొగ్గు గనిలో, కొసుగె ఓడల మరమ్మతు రేవులో ఇరుక్కుపోయింది. మన ఊళ్ళో ఎరువుల దుకాణంవాడు రైతులందరికీ అరువిచ్చి పంట పోయిన ఏడు షట్టర్ దించేసుకోవడం లాంటిదే ఇది. విశేషమేమిటంటే అతను దేశం వదిలి పోలేదు. గని మెల్లగా మిత్సుబిషి చేతికి వెళ్ళింది, గ్లోవర్ అదే మిత్సుబిషికి సలహాదారుగా జీతం తీసుకున్నాడు, తర్వాత కిరిన్ బీరుగా మారిన కంపెనీ పెట్టడంలో ముఖ్యుడయ్యాడు, 1911లో తోక్యోలో పోయాడు. దొరగా వచ్చి జీతగాడిగా మిగిలాడు, అదీ చాలా గౌరవంగా. యజమాని జపాన్‌వాడు, సలహా తెల్లవాడిది. మన కంపెనీ కథ సరిగ్గా దీనికి తలకిందులు.

నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. యోకోహామాలో మొదటి నంబరు స్థలం పట్టిన బ్రిటిష్ కంపెనీ జార్డిన్ మాథెసన్ వెనక హాంకాంగ్, షాంఘైల డబ్బు ఉంది, ఒక దెబ్బ తిన్నా తట్టుకుంది. ఇప్పుడక్కడ సిల్క్ సెంటర్ భవనం ఉంటుంది. కోబెలో ఎడ్వర్డ్ హంటర్ ఒసాకా అమ్మాయిని పెళ్ళి చేసుకుని, 1881లో ఒసాకా ఐరన్ వర్క్స్ పెట్టాడు, అదే తర్వాత హితాచి జోసెన్ అయింది. చిన్నవాళ్ళని దెబ్బతీసింది టెలిగ్రాఫ్. 1871లో నాగసాకికి సముద్రపు కేబుల్ వచ్చాక, లండన్ ధర అందరికన్నా ముందు తెలిసిన ఓడ కెప్టెన్‌కి విలువ పోయింది. ఆ ధర కొన్నాళ్ళకి జపాన్ దళారికి కూడా తెలియడం మొదలైంది.

ఒక మాట మధ్యలో. విదేశీయులు అనగానే టోపీ పెట్టుకున్న తెల్లవాళ్ళే కళ్ళముందుకొస్తారు కానీ, యోకోహామా విదేశీయుల్లో 1890ల నాటికి సగానికి పైగా చైనావాళ్ళు. పట్టు నాణ్యత చూసేది, వెండి నాణెం మంచిదో చెల్లదో తేల్చేది, జపాన్ దళారితో కాగితం మీద అక్షరాలు రాసి బేరమాడేది తెల్ల కంపెనీల్లోని చైనా ముఖ్య గుమాస్తాలే. 1871 దాకా చైనాకి జపాన్‌తో ఒప్పందమే లేదు, అప్పటిదాకా వాళ్ళు తెల్లవాళ్ళ కొలువు పేరు మీదే ఉన్నారు. సింధీలు, పార్సీలు పట్టు, నూలు వ్యాపారానికి తర్వాత వచ్చారు. 1893లో జమ్‌షెడ్‌జీ టాటా నిప్పన్ యూసెన్ కైషా అనే జపాన్ ఓడల కంపెనీతో మాట్లాడుకుని బొంబాయి నుంచి కోబెకి పత్తి తెచ్చే ఓడల మార్గం వేయించాడు, అప్పటిదాకా ఆ దారిలో కిరాయి పీ అండ్ ఓ లాంటి విదేశీ ఓడల కంపెనీలు చెప్పిందే. యమషిత పార్కులో భారతీయులు కట్టించిన నీటి మండపం ఉంది, 1923 భూకంపంలో ఊరివాళ్ళు చేసిన సాయానికి కృతజ్ఞతగా 1939లో ఇచ్చారు. మనకి ఇంకా పాత బంధం ఒకటుంది. ఈ రేవులు తెరవడానికి చాలా ముందే, నాగసాకి డచ్చివాళ్ళ ద్వారా కోరమాండల్ తీరపు కలంకారీ అద్దకాలు జపాన్ చేరాయి, వాటిని సరాసా అంటారు, టీ గిన్నెల సంచులు కుట్టుకోవడానికి చిన్న ముక్క కూడా పారేసేవాళ్ళు కాదు.

నేను పైన చెప్పింది చదివి అయితే ఒప్పందాల వల్ల పెద్ద నష్టం లేదన్నమాట అనుకోవద్దు. 5 శాతం సుంకంతో మాంచెస్టర్ నూలు ఊళ్ళను ముంచెత్తుతుంటే జపాన్ ఆపలేకపోయింది. కాన్సుల్ కోర్టు ఎలాంటిదో 1886 అక్టోబరులో నార్మంటన్ ఓడ మునిగినప్పుడు దేశమంతా చూసింది. కెప్టెన్ డ్రేక్, తెల్ల సిబ్బంది పడవల్లో బయటపడ్డారు, 25 మంది జపాన్ ప్రయాణికుల్లో ఒక్కరూ బతకలేదు. కోబె కాన్సులేట్ విచారణలో కెప్టెన్ తప్పేమీ లేదన్నారు. జనం భగ్గుమంటే యోకోహామాలో మళ్ళీ విచారించి మూడు నెలల జైలు వేశారు. అంతే! ఒప్పందాలు మార్చాలన్న పట్టుదల మంత్రుల గదుల్లోంచి వీధిలోకి వచ్చింది దీంతోనే.

ఇంకో సంగతి, కట్టడి కాగితం మీద రాసినంత మాత్రాన పనిచేయదు. 1870ల నుంచి ఆరోగ్యం కోసమో శాస్త్ర పరిశోధన కోసమో లోపలికి వెళ్ళడానికి పాస్‌పోర్టు ఇచ్చేవాళ్ళు, వ్యాపారం చెయ్యకూడదన్న షరతుతో. బినామీ పేర్లతో కొన్నవాళ్ళు ఉన్నారు. అయినా మొత్తం మీద గీత నిలిచిందంటే, పల్లె దాకా పనిచేసే ప్రభుత్వం ఒకటి అక్కడ ఉంది, 1868లో షోగున్ పోయి మెయిజి చక్రవర్తి పేరున పాలించే కొత్త మనుషులు వచ్చారు తప్ప పాలన కూలి ముక్కలవలేదు. మిమ్మల్ని దేశం లోపలికి రానిస్తాం, బదులుగా కోర్టులు మాకు అప్పగించండి అని మెయిజి మంత్రులు ఏళ్ళ తరబడి బేరం పెట్టారు. లోపలికి ప్రవేశం అన్నదే వాళ్ళ చేతిలో ఉన్న తురుపు ముక్క. 1894లో బ్రిటన్ ఒప్పుకుంది, 1899 జులై 17న అది అమల్లోకి వచ్చింది. సుంకం మీద పూర్తి హక్కు రావడానికి మాత్రం 1911 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు స్థలాలు. 1899తో విదేశీ వాడలు రద్దయ్యాయి, కాన్సుల్ కోర్టులు మూతపడ్డాయి, జపాన్ జైల్లో కూర్చోవాల్సి వస్తుందేమోనని వాడల్లో చాలామందికి టెన్షన్ పట్టుకుంది. కానీ శాశ్వత కౌలు పత్రాలు మాత్రం చెల్లుతూనే ఉన్నాయి, కౌలు కట్టాక ఇంకే పన్నూ లేదన్న షరతుతో. నేల సరే, నేల మీది ఇంటికి పన్ను ఉందా లేదా అని తగాదా వచ్చింది, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ కలిసి హేగ్ మధ్యవర్తిత్వ కోర్టుకి వెళ్ళాయి, 1905 మేలో తీర్పు జపాన్‌కి వ్యతిరేకంగా వచ్చింది. రష్యాని ఓడిస్తున్న ఏడాదిలోనే సొంత ఊళ్ళో ఇంటి పన్ను వేసుకోలేకపోయిందన్నమాట. ఈ కౌళ్ళు పూర్తిగా పోయింది 1942లో.

కట్టడాలు చూడాలనుకుంటే యోకోహామాలో పెద్దగా ఆశ పెట్టుకోకండి, 1923 భూకంపం ఊడ్చేసింది. పాత బ్రిటిష్ కాన్సులేట్ స్థలంలో ఉన్న ఆర్కైవ్స్ మ్యూజియం, కొండ మీద విదేశీయుల శ్మశానం ఒక పూటలో అయిపోతాయి. కోబె వాడలో మిగిలిన 15వ నంబరు ఇల్లు కూడా 1995 భూకంపంలో కూలితే మళ్ళీ నిలబెట్టారు. ఒక్క ఊరికే టైముంటే నాగసాకి వెళ్ళండి, 1863లో కట్టిన గ్లోవర్ ఇల్లు కొండ మీద అలాగే ఉంది. వేసవిలో వెళ్తే మాత్రం పొద్దున్నే ఎక్కెయ్యండి, మధ్యాహ్నం ఆ ఎండలో మెట్లు ఎక్కడం కష్టం.